కీ ఇచ్చే వాచీ కొనబోతే ముందు ఒక అట్టముక్క కత్తిరించండి

రాజమండ్రిలో పళ్ళ డాక్టరుని. యాభయ్యో పుట్టినరోజుకి నగ వద్దనుకుని వాచీ కొనుక్కున్నాను. జపాన్ సీకో వాళ్ళ గ్రాండ్ సీకో, మోడల్ ఎస్‌బీజీడబ్ల్యూ231. దానికి బ్యాటరీ లేదు, తేదీ లేదు, చేతి కదలికకి తనంతట తనే కీ ఇచ్చుకునే ఆటోమేటిక్ కూడా కాదు. "లక్షలు పోసి కొని మళ్ళీ రోజూ కీ ఇవ్వడమేంటే?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అవును, ఇవ్వాలి. ఆ పని మీకు విసుగైతే ఇలాంటి వాచీ జోలికి పోకండి.

విసుగో కాదో తెలియాలంటే ముందు కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ జనతా ఒకటి కొని మూడు నెలలు పెట్టుకు చూడండి. హెచ్ఎంటీ వాళ్ళు 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టారు. జనతా గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. నాది గంటకు 28,800, సెకనుకు ఎనిమిది. అందుకే నా వాచీలో సెకన్ల ముల్లు గెంతినట్టు కాక జారినట్టు కనిపిస్తుంది. రెండూ చెవి దగ్గర పెట్టుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆన్‌లైన్‌లో చిలకపచ్చ, గులాబీ డయళ్ళతో తళతళలాడే పాత హెచ్ఎంటీలు చాలావరకు మళ్ళీ రంగేసినవే. నేనూ ఒకటి కొన్నాను. రెండో వారానికే అంకెలు పెచ్చులూడాయి.

ఇక సైజు. అందరూ డయల్ ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతారు. అసలు చూడాల్సింది పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఉన్న పొడవు. కొమ్ములంటే బెల్టు తగిలించే చోటు. నా మణికట్టు చుట్టుకొలత అయిదుముప్పావు అంగుళాలే. నా వాచీ వెడల్పు 37.3 మిల్లీమీటర్లు, కొమ్ముల పొడవు 44.3. కొనకముందు అంత పొడవున అట్టముక్క కత్తిరించి మణికట్టు మీద పెట్టి చూసుకున్నాను. అట్ట రెండు కొసలూ చూరులా బయటికి వస్తే ఆ వాచీ ఎంత పేరున్నదైనా మీ చేతికి నప్పదు. లేడీస్‌కి అనగానే షాపులో ముందు రాళ్ళు పొదిగిన బ్యాటరీ వాచీల ట్రే తీస్తారు. మొహమాటపడకుండా పక్క ట్రే అడగండి.

హైదరాబాద్‌లో వాచీ చూడ్డానికి వెళ్ళినప్పుడు క్లినిక్‌లో వాడే లూప్, అంటే కంటికి పెట్టుకునే భూతద్దం, పట్టుకెళ్ళాను. పంటికి ఫిల్లింగ్ పెట్టాక అంచు చూస్తేనే పనితనం తెలుస్తుంది. వాచీ కూడా అంతే. షాపు అబ్బాయి బిత్తరపోయాడు గానీ ఏమీ అనలేదు. ముళ్ళ అంచులు, గంటల గుర్తుల మూలలు చూశాను. మామూలు వాచీల్లో ఆ మూలలు కాస్త గుండ్రంగా, అక్కడక్కడ గరుగ్గా ఉంటాయి. ఇందులో గీత గీసినట్టున్నాయి. ముల్లుకి ఒకవైపు వెలుగు, ఒకవైపు నలుపు. తర్వాత వాచీని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూపించమన్నాను. షాపు లైట్ల కింద ఏ డయలైనా బాగానే ఉంటుంది. డబ్బు కట్టేముందు వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు వాచీ వెనక ఉన్నదానితో సరిచూసుకోండి. సర్వీసుకి ఏ ఊరు పంపిస్తారో, ఎన్నాళ్ళు పడుతుందో కూడా అడగండి. లోపలి నూనె ఎండిపోతుంది కాబట్టి కొన్నేళ్ళకోసారి విప్పి శుభ్రం చేయించక తప్పదు.

టైం కచ్చితంగా కావాలంటే వెయ్యి రూపాయల క్వార్ట్జ్ వాచీ, అంటే బ్యాటరీది, నా దానికంటే మేలు. మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీని 1969 డిసెంబరు 25న అమ్మకానికి పెట్టింది కూడా ఈ సీకోనే, అదీ తమాషా! నాది రోజుకి మూడు సెకన్లు ముందుకెళ్తుంది. ఆదివారం సరిచేస్తాను. పూర్తిగా కీ ఇస్తే 72 గంటలు నడుస్తుంది, అయినా నాకు రోజూ కాఫీ తాగాక ఇవ్వడమే అలవాటు. చేతికి ఉండగా కీ ఇవ్వకండి, కీ తిప్పే బుడిపె లోపలి ఇరుసు మీద పక్క నుంచి బరువు పడుతుంది. తిరగనని మొరాయించిన చోట ఆపేయండి.

ఒకసారి వాచీ ఉన్నట్టుండి రోజుకి పది నిమిషాలు ముందుకి పరిగెత్తింది. నాకు ఒకటే టెన్షన్. చివరికి చూస్తే, క్లినిక్‌లో గ్లోవ్స్ వేసుకునే ముందు వాచీ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేస్తున్నాను, ఆ బ్యాగ్ బటన్‌లో అయస్కాంతం ఉంది! వాచీ లోపలి సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, వేగం పెరుగుతుంది. రిపేరు షాపులో నిమిషాల్లో అయస్కాంతం పోగొట్టారు. ఇప్పుడు వాచీ చోటు చెక్క సొరుగు.

గాజుల చేతికి వాచీ పెట్టకండి. రాళ్ళ గాజైతే వాచీ ఉక్కు కేసు మీద గీతలు పడతాయి, వజ్రమైతే డయల్ మీది గట్టి సఫైర్ అద్దాన్ని కూడా గీస్తుంది. ఒట్టి బంగారు గాజైతే అరిగేది గాజే, ఉక్కు ముందు బంగారం మెత్తన. నేను గాజులు ఎడమకి, వాచీ కుడికి మార్చాను. కీ బుడిపె మోచేతి వైపుకి పోయింది, గుచ్చుకోదు.

మా ఊరి ఉక్కకి తోలు బెల్టు వాసనొస్తుంది, ఏప్రిల్ నుంచి నైలాన్ బెల్టు వేస్తాను. 30 మీటర్లని రాసుంది కదా అని నీళ్ళలో దిగకండి. చేతులు కడుక్కునేటప్పుడు చిందే నీళ్ళకి పనికొస్తుంది, అంతే. 2027 పుష్కరాలకి గోదావరిలో మునిగేటప్పుడు నాది సొరుగులోనే ఉంటుంది.