పాత కంప్యూటర్, తేలికైన లైనక్స్, అయినా కదలని తెర: లోపం ఎక్కడుంది?

మొన్నటి ఎండాకాలంలో దేవరకొండ వైపు ఒక పల్లె గ్రంథాలయం నుంచి పాత డెస్క్‌టాప్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. రెండో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్‌ను మోయలేకపోతోందని ఎవరో అందులో లుబుంటు అనే తేలికైన లైనక్స్ వేసి ఇచ్చారు. దాన్ని గోనెసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చిన పెద్దాయన మాట ఇది: “లైనక్స్ వేస్తే పరుగెత్తుతుందన్నారు బిడ్డా, ఇదేమో ఎడ్లబండి కన్నా వెనకబడింది.”

ఆన్ చేసి చూస్తే ఆయన అన్నది నిజమే. తెర మీది కిటికీని మౌసుతో పట్టి జరిపితే ముక్కలుముక్కలుగా జరుగుతోంది. పోటీ పరీక్షల వీడియో పాఠం పెడితే మాట ముందు, పెదవి వెనక. ప్రాసెసర్ మీది ఫ్యాను పిండిగిర్నీలా మోగుతోంది.

ఇలాంటి యంత్రం చేతికి రాగానే చాలామంది డ్రైవర్ల వేటలో పడతారు. నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరుసగా కొట్టేస్తారు. చివరికి ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో వాళ్లకే తెలియదు. ఈ డబ్బాలో లోపాలు మూడు, ఒకదాని కింద ఒకటి దాక్కుని ఉన్నాయి. పైది తీస్తే గాని కిందిది బయటపడలేదు. కాబట్టి ఒక మార్పు చేయండి, రీస్టార్ట్ చేసి ఫలితం చూడండి, ఆ తరువాతే ఇంకోదాని మీద చెయ్యి వేయండి. కింద కమాండ్ల పేర్లు తెలుగులో రాశాను గాని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు అక్షరాలతో, చిన్నబడిలోనే కొట్టాలి.

బొమ్మ గీస్తున్నది ఎవరు?

తెర మీది ప్రతి కదలికనూ ఎవరో ఒకరు లెక్కగట్టి గీయాలి. గ్రాఫిక్స్ చిప్పు ఉన్నదే అందుకు. అది పనిలోకి రాకపోయినా లైనక్స్ ఆగిపోదు. మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీ ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ చేత చేయిస్తుంది. అలా చేయించే భాగం పేరు ఎల్ఎల్‌వీఎంపైప్. బొమ్మ కనబడుతూనే ఉంటుంది కాబట్టి చిప్పు నిద్రపోతోందన్న అనుమానం మనకు రాదు.

మెసా యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో జీఎల్ఎక్స్ఇన్ఫో అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, దానికి ఆనించి పెద్దబడి బి కొట్టండి. వచ్చే వరుసల్లో ఓపెన్‌జీఎల్ రెండరర్ అన్నది ఒక్కటి చూస్తే చాలు. అక్కడ ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ అనో, ఏఎండీ అనో చిప్పు పేరు ఉంటే యాక్సిలరేషన్ (చిప్పే బొమ్మ గీయడం) నడుస్తోంది. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే ప్రాసెసరే రెండు పనులూ మోస్తోంది. గ్రంథాలయం డబ్బాలో కనబడింది ఈ రెండోదే.

ఎల్ఎల్‌వీఎంపైప్ అని వస్తే

నా అనుభవంలో దీనికి మొదటి కారణం నోమోడ్‌సెట్ అన్న ఒక్క మాట. లైనక్స్ వేసేటప్పుడు తెర నల్లబడితే, సురక్షిత గ్రాఫిక్స్ అనే ఎంపికతో గట్టెక్కిస్తారు. ఆ ఎంపిక లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు నోమోడ్‌సెట్ అన్న ఆదేశం ఇస్తుంది, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తెర జోలికి రావద్దనడం. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక దాన్ని తీసేయడం ఎవరికీ గుర్తుండదు. విరిగిన కాలు అతికినా కట్టు విప్పనట్టే.

ప్రాక్ డైరెక్టరీలో ఉన్న సీఎండీలైన్ అనే ఫైలును క్యాట్ కమాండుతో చూడండి. అందులో ఆ మాట కనబడితే దొంగ దొరికినట్టే. అయితే వెంటనే శాశ్వతంగా చెరిపేయకండి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే, లైనక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాము మెనూ వస్తుంది (యూఈఎఫ్ఐ ఉన్న కొత్త బోర్డుల్లో ఎస్కేప్ మీట). అక్కడ ఇ నొక్కి, లైనక్స్ అన్న పదంతో మొదలయ్యే వరుసలో నోమోడ్‌సెట్ చెరిపి, ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. తెర నల్లబడితే బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేయండి, పాత స్థితికే వస్తుంది, నష్టమేమీ లేదు. తెర మామూలుగా వస్తే అప్పుడు ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డరులో ఉన్న గ్రబ్ ఫైలు తెరిచి ఆ మాట తీసేసి, సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, అప్‌డేట్ గ్రబ్ కమాండు (రెండు మాటల మధ్య హైఫన్) నడిపి, రీస్టార్ట్ చేయండి. ఫైలు దిద్ది ఈ కమాండు మరిచిపోయేవాళ్లు ఎందరో. అది నడపకపోతే దిద్దినది గ్రబ్‌కు చేరదు.

నోమోడ్‌సెట్ లేకపోయినా ఎల్ఎల్‌వీఎంపైప్ వస్తుంటే, ఎల్ఎస్‌పీసీఐకి హైఫన్ కే జోడించి కొట్టండి. వీజీఏ అని ఉన్న చిప్పు కింద ఏ కెర్నెల్ డ్రైవర్ వాడుకలో ఉందో చెబుతుంది. ఇంటెల్‌కు ఐ915, ఏఎండీకి చిప్పు వయసును బట్టి రేడియాన్ లేదా ఏఎండీజీపీయూ, ఎన్విడియాకు సాధారణంగా నూవో కనబడాలి. ఏఎండీ చిప్పు ఉండి డ్రైవర్ నిలబడకపోతే ఎక్కువసార్లు ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడవవలసిన చిన్న ప్రోగ్రాము) లేదని అర్థం. డీమెసేజ్ కమాండు (డి తరువాత ఎంఈఎస్‌జీ) చూపే వరుసల్లో ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదన్న ఫిర్యాదు ఉంటుంది. డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో ఇది పాత తలనొప్పి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఆ ఫర్మ్‌వేర్ పెడుతున్నారు. అంతకు ముందు వేసిన యంత్రమైతే నాన్‌ఫ్రీ విభాగాన్ని చేర్చి, ఫర్మ్‌వేర్ ఏఎండీ గ్రాఫిక్స్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

ఇక డ్రైవర్ కూడా సరిగానే ఉందనుకోండి. అప్పుడు చూడవలసింది ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డరు. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైలులో వేసా అనే డ్రైవర్ పేరు ఉంటే అదే అడ్డం. ఇప్పటి యంత్రాల్లో చాలావాటికి ఆ ఫైలు అవసరమే లేదు. పేరు మార్చి పక్కన పెట్టండి, తుడిచేయకండి.

సిస్టమ్‌డీ (తెర వెనక సేవలను నడిపే ప్రోగ్రాము) లేని యాంటిఎక్స్ లాంటి పంపిణీల్లో ఇంకో చిక్కు రావచ్చు. డెవ్ కింద డీఆర్ఐ ఫోల్డరులో రెండర్‌డీ128 అనే ఫైలు ఉంటుంది గాని దాన్ని తెరిచే హక్కు మీ ఖాతాకు ఉండదు. వీడియో, రెండర్ అనే గుంపుల్లో మీ పేరు చేర్చి, లాగవుట్ అయి మళ్లీ రండి. యూజర్‌మాడ్‌తో చేర్చేటప్పుడు పెద్దబడి జి ముందు చిన్నబడి ఎ మరిచిపోతే మిగతా గుంపులన్నింటి నుంచీ మీ పేరు కొట్టేస్తుంది, సుడో హక్కుతో సహా. ఒకసారి నేను అలాగే నా ఇంటి తాళం నేనే బయటి నుంచి వేసుకున్నాను.

గ్రంథాలయం డబ్బాకు ఇవేవీ అవసరం రాలేదు. నోమోడ్‌సెట్ తీయగానే రెండరర్ దగ్గర ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 2000 అని వచ్చింది, కిటికీలు నునుపుగా జరిగాయి. పని అయిపోయిందనుకుని వీడియో పెట్టాను. మాట ముందు, పెదవి వెనక!

చిప్పు లేచింది, వీడియో మాత్రం తడబడుతోంది

కిటికీలు గీయడం ఒక పని, వీడియో విప్పడం ఇంకో పని. చిప్పులో ఈ రెండింటికీ వేరువేరు భాగాలు ఉంటాయి. రెండో భాగానికి అన్ని వీడియో భాషలూ రావు. 2011 నాటి రెండో తరం ఇంటెల్ చిప్పుకు హెచ్264 వచ్చు, వీపీ9 రాదు. వీపీ9ను చిప్పే పూర్తిగా విప్పడం కోర్ శ్రేణిలో ఏడో తరంతో, ఏవీ1ను విప్పడం పదకొండో తరంతో మొదలయ్యాయి. యూట్యూబ్ బ్రౌజరుకు పంపేది చాలావరకు వీపీ9 లేదా ఏవీ1. చిప్పుకు రాని భాష కాబట్టి దాన్ని విప్పే భారం తిరిగి ప్రాసెసర్ మీదే పడుతుంది.

వీఏఇన్ఫో కమాండు మీ చిప్పుకు ఏ భాషలు వచ్చో చెబుతుంది. పేరు పక్కన వీఎల్‌డీ అని ఉంటే అది విప్పగలదు. జాబితా రాకుండా లోపం చూపిస్తే డ్రైవర్ ప్యాకేజీ లేనట్టు. పాత ఇంటెల్ చిప్పులకు ఐ965 వీఏ డ్రైవర్, అయిదో తరం నుంచి ఇంటెల్ మీడియా వీఏ డ్రైవర్ వేయాలి. తరువాత బ్రౌజరు. లైనక్స్‌లో ఇంటెల్ చిప్పులకు హార్డ్‌వేర్ వీడియో డీకోడింగ్ ఫైర్‌ఫాక్స్ 115 నుంచి, అంటే 2023 జులై నుంచి, ముందే ఆన్ అయి వస్తోంది. మీది అంతకన్నా పాతదైతే ముందు దాన్ని మార్చండి. చిరునామా పట్టీలో అబౌట్ కోలన్ సపోర్ట్ అని కొడితే వచ్చే పేజీలో కంపోజిటింగ్ అన్న చోట వెబ్‌రెండర్ పక్కన సాఫ్ట్‌వేర్ అని ఉందా లేదా చూడండి. ఉంటే బ్రౌజరు ఇంకా చిప్పును నమ్మడం లేదు.

ఇన్ని చేసినా వీపీ9 రాని చిప్పుకు వీపీ9 నేర్పలేం. అందుకని హెచ్264 మాత్రమే అడిగేలా యూట్యూబ్‌ను మళ్లించే యాడ్ఆన్ వేశాను, హెచ్264ఇఫై అని దాని పేరు. 1080పీ దాటిన నాణ్యత అప్పుడు దొరకదు. పలక మీద లెక్క చేసి చూపే పాఠానికి 720పీ ఎక్కువే. దించుకున్న పాఠాలైతే ఎంపీవీ ప్లేయర్‌లో చూడడం ఇంకా మేలు. హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్ చేసుకుని, వీడియో నడుస్తుండగా ఐ మీట నొక్కితే అది నిజంగా వాడుకలో ఉందో లేదో తెర మీదే చెబుతుంది.

పది నిమిషాలు బాగుండి, తరువాత నత్తనడక

ఇదే మూడో లోపం. పాఠం చక్కగా మొదలై, పన్నెండో నిమిషం దగ్గర మళ్లీ ముక్కలయింది. కాసేపు ఆపి ఆన్ చేస్తే మళ్లీ బాగుంది. డ్రైవర్ తప్పుకు గడియారం చూసి రావలసిన అవసరం లేదు, ఇది వేడి. ఎల్ఎం సెన్సార్స్ ప్యాకేజీ వేసి సెన్సార్స్ అని కొడితే ప్రాసెసర్ తొంభై దాటి ఉంది. నల్లగొండ జిల్లాలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు కొత్త కాదు, రేకుల గదిలో ఇంకా ఎక్కువ. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనకు అది గ్రాఫిక్స్ లోపంలా కనబడుతుంది.

మూత తీస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య ఎర్రటి చెల్క దుమ్ము పొరగా అట్టకట్టి ఉంది. కరెంటు తీగ పీకి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని బ్లోయరుతో ఊదాలి. ఆపకపోతే ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. థర్మల్ పేస్టు ఎండి పెళుసైపోయింది, తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేశాను. ఆ తరువాత గంట పాఠం నడిచినా డెబ్బై దాటలేదు.

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ వాడేవాళ్లకు ఇదే లక్షణం కరెంటు వల్లా వస్తుంది. పై 4 కు 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. ఇంట్లో మిగిలిన ఫోను చార్జరు పెడితే వోల్టేజి పడిపోయి వేగం తగ్గుతుంది. వీసీజెన్‌సీఎండీ కమాండుకు గెట్ థ్రాటిల్డ్ అని జోడించి అడగండి (ఆ రెండు మాటల మధ్య కింది గీత). 0ఎక్స్0 అని వస్తే కరెంటూ వేడీ రెండూ బాగున్నట్టు. 80 డిగ్రీల దగ్గర అదీ వేగం తగ్గించుకుంటుంది.

అప్‌డేట్ చేశాక మందగిస్తే

నిన్నటి దాకా బాగుండి, కొత్త వెర్షన్‌కు మారాక ఎల్ఎల్‌వీఎంపైప్ వస్తే చిప్పు వయసు చూడండి. 2022 మార్చి నాటి మెసా 22.0 లో చాలా పాత డ్రైవర్లను ప్రధాన శాఖ నుంచి తీసి ఆంబర్ అనే శాఖలో ఉంచారు. రెండో తరం ఇంటెల్‌కు క్రోకస్ అనే కొత్త డ్రైవర్ ఉంది కాబట్టి బెంగ లేదు. మొదటితరం రేడియాన్ కార్డుల లాంటివాటికి మాత్రం ఆంబర్ ప్యాకేజీయే దిక్కు.

ఎంత చేసినా లేవని చిప్పులు

ఆటమ్ డీ2500, ఎన్2600 లాంటి ప్రాసెసర్లున్న చిన్న యంత్రాలు ఇప్పటికీ అక్కడక్కడా కనబడతాయి. వాటిలోని జీఎంఏ 3600 వర్గం చిప్పు లోపల పవర్‌వీఆర్ సాంకేతికత. లైనక్స్ కెర్నెల్‌లోని జీఎంఏ500 డ్రైవర్ దానితో తెర వెలిగిస్తుంది, త్రీడీ యాక్సిలరేషన్ ఇవ్వదు. ఇక్కడ వారం రోజులు కూర్చున్నా ఫలితం ఉండదు. కిటికీలకు నీడలు, మెరుగులు దిద్దే కంపోజిటర్‌ను ఆపేయండి (ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో విండో మేనేజర్ ట్వీక్స్‌లో ఆఖరి ట్యాబు), 480పీ హెచ్264 వీడియోతో సరిపెట్టుకోండి, లేదా దాన్ని టైపింగుకు వదిలేయండి.

పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని పెడితే ఎలా ఉంటుందని పెద్దాయన అడిగారు. వద్దన్నాను. బోర్డులోని చిప్పుకు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందులో ఒకే ర్యామ్ పట్టీ ఉంది, రెండో స్లాటు ఖాళీ. అదే రకం డీడీఆర్3 పట్టీ ఇంకొకటి జోడిస్తే రెండు దారుల్లో మెమరీ నడిచి చిప్పుకూ ఊపిరి ఆడుతుంది, బ్రౌజరుకూ చోటు దొరుకుతుంది. పాతది నా సొరుగులోనే ఒకటి ఉంటే పెట్టి పంపాను.