మొదటి ఉద్యోగం: ఆఫర్ లెటర్ నుంచి ఆరో నెల దాకా

డిగ్రీ చేత్తో పట్టుకుని హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరేవాళ్లను కోడింగ్ ఇబ్బంది పెట్టేది తక్కువే. అది ట్రైనింగ్‌లో నేర్పుతారు. ఇబ్బందంతా చదవకుండా సంతకం పెట్టిన కాగితంతోనూ, అడగకుండా మింగేసిన డౌటుతోనూ వస్తుంది.

ముందు జీతం సంగతి. సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) 3.6 లక్షలు అనగానే ఇంట్లో అందరూ నెలకు ముప్పై వేలని లెక్కేస్తారు. బేసిక్ (మూల వేతనం) 15,000, వేరియబుల్ 10 శాతం ఉన్న ఆఫర్ అయితే లెక్క ఇలా తేలుతుంది:

నెలకు సీటీసీ: 30,000
వేరియబుల్ పే: 3,000 పోను
కంపెనీ కట్టే పీఎఫ్: 1,800 పోను
గ్రాట్యుటీ (మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం): 721 పోను
ఇన్సూరెన్స్ ప్రీమియం: 500 పోను (కంపెనీని బట్టి మారుతుంది)
గ్రాస్ (కోతలకు ముందు జీతం): 23,979
మీ వాటా పీఎఫ్: 1,800 కోత
ప్రొఫెషనల్ ట్యాక్స్: 200 కోత
చేతికి: 21,979

ఇందులో మోసమేమీ లేదు, కానీ ముందే తెలియాలి. వేరియబుల్ కంపెనీ లాభాన్నీ మీ రేటింగ్‌నూ బట్టి వస్తుంది. ప్రొబేషన్‌లో (ఉద్యోగం ఖాయం కాకముందు పనితీరు చూసే కాలంలో) ఉన్నవాళ్లకు ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి. గ్రాట్యుటీ పర్మినెంట్ ఉద్యోగి చేతికి రావాలంటే ఐదేళ్లు పనిచేయాలి. పీఎఫ్ మాత్రం మీ సొమ్మే. కంపెనీ కట్టే 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకు, 550 పీఎఫ్‌కు పోతాయి. ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటే: జీతం 20,000 దాటితే నెలకు 200. ఇన్‌కం ట్యాక్స్ గురించి ఈ జీతానికి కంగారు అక్కర్లేదు. కొత్త విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు. కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "వేరియబుల్ తీసేస్తే నెలకు చేతికి ఎంత వస్తుంది?" ఫోన్లో కాదు, మెయిల్లో అడగండి.

ఇంకో చిన్న విషయం. చాలా కంపెనీల్లో జీతాల లెక్క ఇరవయ్యో తేదీ అటూ ఇటూగా మూసేస్తారు. ఆ తర్వాత చేరితే ఆ నెల రోజులకు రావాల్సింది కూడా వచ్చే నెల జీతంతో కలిపి పడుతుంది. హాస్టల్ అడ్వాన్సుతో పాటు రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బండెక్కండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు "కె." అని ఒక్క అక్షరం, ఆధార్‌లో "కొండపల్లి" అని పూర్తిగా, పాన్‌లో ఇంటిపేరు చివర. ఇలా ఉంటే పీఎఫ్ కేవైసీ ఆగుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (మీ వివరాలు నిజమేనా అని కంపెనీ చేసే తనిఖీలో) ప్రశ్నలు వస్తాయి. టెన్త్ మెమో మార్పించడం చాలా కష్టం, కాబట్టి దానికి తగ్గట్టుగా ఆధార్‌ను, ఆధార్‌కు తగ్గట్టుగా పాన్‌నూ బ్యాంకు ఖాతానూ సరిచేయించుకోండి. చేరడానికి నెల ముందే మొదలుపెట్టండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలి రావద్దు. వెరిఫికేషన్‌కు స్కాన్ కాపీలు చాలు. "బాండ్ (ఇన్నాళ్లు మానేయనని రాసిచ్చే ఒప్పందం) అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి" అన్నారంటే ఆ కంపెనీ గురించి ఇంకోసారి ఆలోచించాలి. బాండు చెల్లదులే అని సీనియర్లు కొట్టిపారేస్తుంటారు, అదీ నమ్మొద్దు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎన్నాళ్లు, ఎంత, ఏ తేదీ నుంచి లెక్క, ట్రైనింగ్ రోజులు కలుస్తాయా అన్న నాలుగూ చూసి సంతకం పెట్టండి.

లక్షో రెండు లక్షలో తీసుకుని రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి అసలు పోవద్దు. పీఎఫ్ యూఏఎన్ (కంపెనీలు మారినా మారని మీ పీఎఫ్ నంబరు) జీవితాంతం ఒకటే. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు కట్టిందో అందులో కనిపిస్తుంది. అబద్ధం అక్కడ దొరికిపోతుంది, ప్రాజెక్టు మధ్యలో బయటికి పంపుతారు.

ఇక పని. కాలేజీలో "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అనడం అలవాటు. ఆఫీసులో ఆ మాటే కొంప ముంచుతుంది. టీమ్ లీడ్ పని చెప్పగానే మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే లాగిన్ పేజీలో ఎర్రర్ మెసేజ్ ఒక్కటే మార్చాలి, పాస్‌వర్డ్ రూల్స్ ముట్టుకోకూడదు, గురువారానికి కావాలి, అంతేనా అండీ?" తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

డౌటు వస్తే అరగంట సొంతంగా తన్నుకోండి. అప్పటికీ తెగకపోతే అడగండి, రెండు రోజులు దాచుకోవద్దు. "హాయ్ అన్నా" అని ఒక్క ముక్క పెట్టి జవాబు కోసం ఎదురుచూడటం ఇద్దరికీ టైమ్ వేస్టు. మొత్తం ఒకే మెసేజ్‌లో పెట్టండి: "పేమెంట్ మాడ్యూల్ నా లాప్‌టాప్‌లో బిల్డ్ కావడం లేదు. ఎర్రర్ స్క్రీన్‌షాట్ కింద ఉంది. జావా 17కు మార్చి చూశాను, కాష్ తీసేసి మళ్లీ చేశాను, అదే వస్తోంది. ఏదైనా యాక్సెస్ నాకు ఇవ్వలేదేమో అనిపిస్తోంది. ఎవరిని అడగాలి?" ఇలా రాస్తే ఎంత బిజీగా ఉన్న సీనియరైనా రెండు నిమిషాల్లో దారి చెబుతాడు. రాస్తుండగానే సగం సార్లు జవాబు మీకే తట్టేస్తుంది కూడా. ఒకే డౌటు మూడోసారి అడిగితే మాత్రం చిరాకు పడతారు, అందుకే జవాబును నోట్‌బుక్‌లో రాసుకోండి.

గురువారం ఇవ్వాల్సిన పని మంగళవారమే తేలేలా లేదనిపిస్తే మంగళవారమే చెప్పండి. అప్పుడైతే లీడ్ ఇంకొకరిని కలపగలడు, క్లయింట్‌కు మాట చెప్పుకోగలడు. గురువారం సాయంత్రం చెబితే తిట్టడం తప్ప ఏమీ చేయలేడు.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు రోజూ పొద్దున జరిగే స్టాండప్ కాల్ అంటే గుండెదడ. దానికి కావాల్సింది మూడే వాక్యాలు: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగాను. కాల్‌కు పది నిమిషాల ముందు రాసుకుని చదివేయండి. రోజూ తిరిగేవి అవే పదాలు కాబట్టి కొన్ని వారాల్లో కాగితం అక్కర్లేకుండా పోతుంది. యాసను ఎవరూ పట్టించుకోరు. గొంతులోనే ఆగిపోయే మాటతోనే చిక్కు.

కంపెనీ కోడ్‌ను సొంత మెయిల్‌కు పంపుకోవడం, సొంత గిట్‌హబ్‌లో పెట్టడం, కంపెనీ ఒప్పుకోని ఏఐ చాట్‌బాట్‌లో అతికించడం, ఈ మూడూ ఉద్యోగం ఊడగొట్టే పనులు. సంక్రాంతి సెలవు నవంబరులోనే అడగండి. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది, టీమంతా ఊరెళ్లేవాళ్లే.

పేస్లిప్పులు ప్రతి నెలా దించి సొంత డ్రైవ్‌లో దాచుకోండి; తర్వాతి కంపెనీ సాధారణంగా చివరి మూడు నెలలవి అడుగుతుంది. ప్రొబేషన్ సాధారణంగా ఆరు నెలలు. అది నిండాక కన్ఫర్మేషన్ లెటర్ దానంతటదే వస్తుందనుకోవద్దు. అయిదో నెలలోనే మేనేజర్‌ను "నా పనిలో ఇంకా ఏం సరిచేసుకోవాలి?" అని అడగండి, ఆరో నెల చివర లెటర్ రాకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. అది చేతికి వచ్చాక నోటీసు పీరియడ్ (మానేస్తానని చెప్పాక పనిచేయాల్సిన రోజులు) లైను కూడా చదవండి. ప్రొబేషన్‌లో ముప్పై రోజులున్నది చాలాచోట్ల తొంభై అయ్యేది అక్కడే.