బధిర, దివ్యాంగ కళాకారులతో కార్యక్రమం పెట్టే ముందు

పారితోషికం ఎంతో ముందే రాసి పంపండి. "మీకు మంచి అవకాశం" అంటూ ఒక శాలువాతో సరిపెట్టడం అన్యాయం. దివ్యాంగ కళాకారులకు సదుపాయాలు, ప్రోత్సాహం కల్పించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 29 చెబుతోంది. మనం దయ చూపిస్తున్నామనుకోవద్దు.

ఏం కావాలో కళాకారులనే అడగండి. బధిరులైతే ఫోన్ చేయకుండా వాట్సాప్‌లో చిన్న చిన్న వాక్యాలతో రాయండి.

సైగల భాష అనువాదకులు: గంట దాటే కార్యక్రమానికి ఇద్దరు తప్పనిసరి. ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి మారకపోతే అలసటతో మాటలు జారిపోతాయి. ఇంట్లోవాళ్లను నిలబెట్టి పని కానిచ్చేయకండి. స్లైడ్ల కోసం హాల్లో లైట్లు ఆపినా అనువాదకుల ముఖం, చేతుల మీద వెలుగు ఉండాలి. ఈ సంగతి లైట్‌మ్యాన్‌కు ముందురోజే చెప్పండి, చివర్లో టెన్షన్ ఉండదు.

ర్యాంప్: గుమ్మానికి ఉంటే చాలదు, స్టేజీకీ కావాలి. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు లెక్క. అంటే మూడడుగుల స్టేజీకి 36 అడుగులు. అంత చోటు లేకపోతే తక్కువ ఎత్తు స్టేజీ వేయించండి, లేదా నేల మీదే ప్రదర్శన పెట్టండి. నలుగురు పట్టుకుని వీల్‌చెయిర్‌ను జనం ముందు పైకెత్తడం ఆ కళాకారుడికి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. గ్రీన్‌రూమ్, టాయిలెట్ తలుపుల వెడల్పు టేపుతో కొలిచి చూసుకోండి.

బొమ్మల ప్రదర్శనైతే అంధ సందర్శకుల కోసం వర్ణన రికార్డు చేయించండి.

యాంకర్‌కు ఇచ్చే పరిచయం ఓసారి చదవండి. అందులో వైకల్యం గురించి కాకుండా వాళ్ల పని గురించి ఉండాలి.