గిటార్ నేర్చుకుందాం – 9: జి దొరికింది, మైనర్ పోయింది

ఈ వారం ఇ మైనర్/డి, డి మైనర్/సి అనే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నేర్పాలని అనుకున్నాను. అవి చివర్లో వస్తాయి. ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. ఎ మైనర్/జి వాయించి చూసినవాళ్లలో ఎక్కువమందిది ఒకటే మాట: "తీగలన్నీ శుభ్రంగానే మోగుతున్నాయి, కానీ మైనర్ కార్డ్‌కు ఉంటుందని మీరు చెప్పిన దిగులు అందులో లేదు." కొందరు రికార్డ్ చేసి పంపారు, విన్నాను. మీ చెవి సరిగ్గానే చెప్పింది. మీరు వాయించింది ఎ మైనరే కాదు.

కొందరిది చిన్న పొరపాటు. మధ్యలో ఉన్న గీతను 'లేదా' అని చదివారు. దరఖాస్తులో 'తండ్రి/భర్త పేరు' అని ఉంటే ఏదో ఒకటి రాస్తాం కదా, ఆ అలవాటు. కార్డ్ పేర్లలో ఆ గీతకు అర్థం 'కింద'. గీతకు ఎడమ పక్కది కార్డ్, కుడి పక్కది అన్నిటికంటే అడుగున మోగాల్సిన ఒక్క స్వరం, అంటే బాస్. అక్కడ కావాల్సింది జి స్వరం, జి కార్డ్ కాదు. వాయించేవాళ్లు దీన్ని 'ఎ మైనర్ ఓవర్ జి' అంటారు. అది గుర్తుంటే చాలు.

మిగతావాళ్లందరూ పడిన గుంట వేరే ఉంది. దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఇది దాటకపోతే మైనర్ స్లాష్ కార్డులన్నీ (పేరులో ఆ గీత ఉన్నవి) ఇలాగే చేజారతాయి.

ఎ మైనర్ పట్టండి (అన్నిటికంటే సన్నటిది ఒకటో తీగ, లావుది ఆరోది; ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు గీతల మధ్య గడి). చూపుడు వేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో ఉన్నాయి. ఇప్పుడు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో జి కావాలి. చెయ్యి ఏం చేస్తుందో గమనించండి. ఉంగరపు వేలు మూడో తీగను వదిలేసి ఆరో తీగ మీదికి వెళ్తుంది. వెళ్లడం సహజమే. ఎ మైనర్ నుంచి సి మేజర్‌కు మారాలంటే ఉంగరపు వేలు ఒక్కటి కదిపితే చాలని రెండో పాఠంలో నేనే నేర్పాను. చేతికి ఆ దారే తెలుసు.

ఆ వేలు లేచాక మిగిలిన స్వరాలు లెక్కపెట్టండి. ఆరో తీగలో జి. నాలుగో తీగలో ఇ. మూడో తీగ ఖాళీ కాబట్టి అదీ జి. రెండో తీగలో సి. ఒకటో తీగ ఖాళీగా ఇ. అంటే జి, ఇ, జి, సి, ఇ. ఎ ఎక్కడుంది? లేదు. సి, ఇ, జి కలిస్తే సి మేజర్. మీరు వాయించింది సి మేజర్/జి. ఎ మైనర్‌లో ఉండేవి ఎ, సి, ఇ. సి మేజర్‌లో ఉండేవి సి, ఇ, జి. రెండు స్వరాలు ఉమ్మడి. మూడో తీగ మీది ఆ ఒక్క ఎ పోయేసరికి దిగులు కూడా దానితోపాటే పోయింది. అందుకే కార్డ్ హాయిగా, వెలుతురుగా వినిపించింది.

"ఐదో తీగ ఖాళీగా మోగనిస్తే అందులో ఎ ఉందిగా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఉంది, కానీ అది పనికొచ్చే చోట లేదు. ఆరో తీగ మీది జి సెకనుకు 98 సార్లు కంపిస్తుంది. ఖాళీ ఐదో తీగ 110 సార్లు. అంత అడుగున, అంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిస్తే శబ్దం బురదగా అయిపోతుంది. పైగా బాస్ జి అన్న సంగతే చెవికి తెలియదు. ఎ మనకు మూడో తీగ రెండో ఫ్రెట్‌లోనే కావాలి. ఐదో తీగ నోరు మూయాలి.

పట్టే దారులు చెబుతాను.

ఎ మైనర్ చెదరకుండా చిటికెన వేలిని ఆరో తీగ మూడో ఫ్రెట్ దాకా చాచడం ఒకటి. మణికట్టును కొంచెం ముందుకు నెట్టి, బొటనవేలిని మెడ వెనక కిందికి దించితే అందుతుంది. వేలి కొనతో ఆరో తీగ నొక్కి, కొన పక్కనున్న మెత్తటి భాగాన్ని ఐదో తీగకు ఆనించండి. అది మోగదు.

రెండో దారిలో మధ్య వేలు పడుకోబెట్టి నాలుగో, మూడో తీగలు రెండూ ఒకేసారి నొక్కాలి. అప్పుడు ఉంగరపు వేలు ఖాళీ అవుతుంది, దాన్ని ఆరో తీగకు పంపొచ్చు. ఒకటో తీగ మూగబోయినా ఫర్వాలేదు.

నేను మాత్రం ఎక్కువగా వాడేది మూడోది. ఐదో ఫ్రెట్‌లో చూపుడు వేలు అడ్డంగా పెట్టి, సన్నటి నాలుగు తీగలూ కలిపి నొక్కుతాను. నాలుగో తీగ నుంచి పైకి జి, సి, ఇ, ఎ. అదే ఎ మైనర్/జి. ఒక్క వేలితో అయిపోతుంది. లావు తీగలు రెండూ మీటకూడదు. లోతు తగ్గుతుంది, కానీ వెంట బాస్ గిటార్ ఉంటే అది లోటుగా తెలియదు.

మీ పట్టు సరైనదో కాదో తెలుసుకోవడానికి ఖాళీ ఐదో తీగ ఒకసారి మీటండి. తర్వాత ఆ కార్డ్ పట్టి మూడో తీగ ఒక్కటే మీటండి. కింది స్థాయి సా, పై స్థాయి సా లాగా రెండూ ఒకే స్వరంగా వినపడాలి. వినపడకపోతే ఉంగరపు వేలు మళ్లీ పారిపోయినట్టే. (ఐదో ఫ్రెట్ పట్టుకు మాత్రం ఈ పరీక్ష వద్దు. అక్కడ ఎ ఒకటో తీగ మీద ఉంటుంది.)

పదిమందితో కలిసి వాయించేవాళ్లకు ఒక మాట. మా ఊరి చర్చిలో క్వైర్ వెనక వాయించేటప్పుడు నేను జి మీదికి దిగుతుంటే, కీబోర్డ్ తమ్ముడు ఎడమ చేత్తో ఎ నొక్కే ఉంచేవాడు. అడుగున ఎ ఉంటే వినిపించేది ఎ మైనర్ సెవెన్. అదీ మంచి కార్డే, కానీ బాస్ దిగదు. మొదలుపెట్టకముందే బాస్ ఎవరిదో మాట్లాడుకోండి.

ఇక కొత్తవి. ఇ మైనర్/డికి వేళ్లేమీ అక్కర్లేదు. నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఖాళీగా మీటండి: డి, జి, బి, ఇ. అయిపోయింది.

డి మైనర్/సికి చూపుడు వేలు ఒకటో తీగ ఒకటో ఫ్రెట్‌లో, మధ్య వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో, చిటికెన వేలు రెండో తీగ మూడో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్‌లో పెట్టండి. నాలుగో తీగ ఖాళీ, ఆరోది వద్దు. డి మైనర్‌ను ఇన్నాళ్లూ ఉంగరపు వేలితో పట్టినవాళ్లు ఇప్పుడే చిటికెన వేలికి మార్చుకోండి. ఇక్కడ సి, డి పక్కపక్కనే మోగి కొంచెం ఒరుసుకుంటాయి. ముందు బొటనవేలితో సి ఒక్కటే మీటి, ఒక మాత్ర ఆగి మిగతా తీగలు మీటితే ఆ ఒరిపిడి చెవికి నచ్చుతుంది.

సాధన: ఎ మైనర్, ఎ మైనర్/జి, ఎఫ్, ఇ. ఒక్కోటి నాలుగు మాత్రలు, మెట్రోనోమ్ (తాళం చెప్పే పరికరం) నిమిషానికి 60 మీద, ఆగకుండా ఇరవై నిమిషాలు. వాయిస్తూ బాస్ స్వరాన్ని గట్టిగా పాడాలి. ఎ ని సా అనుకుంటే అవి స, ని, ద, ప: నఠభైరవి రాగం అవరోహణలో పై సగం. ఇటలీ స్వరకర్త మాంటెవర్డి 1638లో అచ్చయిన ఒక విలాప గీతం అడుగున ఇవే నాలుగు స్వరాలను మళ్లీ మళ్లీ తిప్పాడు. ఎఫ్ బారె (చూపుడు వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టే పట్టు) ఇంకా రానివాళ్లు నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఒకటో ఫ్రెట్ పట్టి ఎఫ్ మేజర్ సెవెన్ వాయించండి. అప్పుడు బాస్ ఒక స్థాయి పైకి దూకుతుంది. మీరు పాడే ద మాత్రం కిందే ఉండాలి. ఈసారి రికార్డ్ పంపేటప్పుడు మీ గొంతు కూడా వినిపించాలి.