బ్యాడ్జీలకు పట్టిన తుప్పు ఇలా వదిలించాను

ఈ వానాకాలం నల్లగొండలో మా ఇంటి గోడలు బాగా చెమ్మ పట్టాయి. బీరువాలో దాచిన ప్రచార బ్యాడ్జీల పిన్నులన్నీ తుప్పెక్కాయి. ముళ్లతీగ చుట్టిన కొవ్వొత్తి ఉన్న ఆమ్నెస్టీ (మానవ హక్కుల సంస్థ) బ్యాడ్జీ, ఎయిడ్స్ ఎర్ర రిబ్బన్ మళ్లీ ఎక్కడైనా దొరుకుతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద పోరాడినవాళ్లు పెట్టుకున్న బ్యాడ్జీ దొరకదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

గుండ్రటి బ్యాడ్జీ అంటే పల్చని రేకు, మీద కాగితం, ఆపైన ప్లాస్టిక్ పొర. కడిగితే అంచులోంచి నీళ్లు కాగితంలోకి దిగి మరకలవుతాయి. చింతపండుతో తోమమని అమ్మ సలహా. ఇత్తడి చెంబుకు సరే గానీ దీనికి వద్దు! పొడి టూత్‌బ్రష్‌తో తుప్పు రాల్చి, పిన్నుకు మాత్రం దూదిపుల్లతో కుట్టుమిషన్ నూనె రాసి తుడిచేశాను. రేకు మీద మొండి మచ్చలు గీకలేదు, గీకితే పూత కూడా పోతుంది.

పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) కవర్ల ఆల్బమ్‌లో పెట్టిన ఇత్తడి బ్యాడ్జీలకు పచ్చ చిలుము పట్టింది. అలాంటి కవర్లు పాతబడితే వదిలే ఆమ్లం రాగి, ఇత్తడిని అలా తినేస్తుంది. ఆ ఆల్బమ్ పారేశాను. ఇప్పుడు విడివిడిగా కాగితంలో చుట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టాను. కొన్నాళ్లకు అవి చెమ్మతో నిండిపోతాయి, మార్చుతుండాలి.