బినోదిని దాసి ఏకపాత్ర ఎలా కట్టాలి?

పందొమ్మిదో శతాబ్దపు బెంగాలీ రంగస్థల నటి బినోదిని ఏకపాత్ర వేస్తామని వచ్చే అమ్మాయిలకు నేను ముందు చెప్పేది ఒకటే: ఆమె బతుకంతా చెప్పబోకండి. 1874లో చిన్నపిల్లగా కలకత్తా గ్రేట్ నేషనల్ థియేటర్లో చిన్న వేషంతో మొదలవడం, పాతికేళ్లు నిండకముందే స్టేజీ వదిలేయడం, ఇవి ఒక్కో వాక్యంలో తేల్చేయండి. పది నిమిషాలకు 1883 ఒక్కటే చాలు.

ఆ ఏడు బీడన్ వీధిలో కొత్త థియేటర్ లేస్తోంది. డబ్బు గుర్ముఖ్ రాయ్ అనే సంపన్న యువకుడిది. అతనికి కావలసింది నాటకం కాదు, బినోదిని. థియేటర్ మాట వదిలేస్తే యాభై వేలు ఇస్తానన్నా ఆమె ఒప్పుకోలేదు. దానికి ఆమె పేరే పెడతామని తోటివాళ్లు ఆశపెట్టారు.

తెర లేచేసరికి మీ నెత్తిన మట్టి తట్ట ఉండాలి. ఇది నా కల్పన కాదు, తానూ తట్టలు మోశానని ఆమే ఆత్మకథలో రాసుకుంది. ఖాళీ తట్ట మాత్రం వద్దు, సగం దాకా ఇసుక పోయండి. మెడ బిగుసుకుంటుంది, మాట మధ్యలో ఊపిరి తెగుతుంది. డైలాగ్ ఆ ఊపిరికి తగ్గట్టే రాసుకోండి.

రిజిస్ట్రేషన్‌కు వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. "ఏం పేరు పెట్టారు?" అని ఆత్రంగా అడగండి. పెట్టింది ఆమె పేరు కాదు, 'స్టార్' అని. అది విని, "స్టారా?" అనండి. రెండు నిమిషాలు తనకు మాట రాలేదని రాసింది ఆమె. మీకంత టైమ్ ఉండదు, పదిహేను సెకన్లు తీసుకోండి. సరిగ్గా ఇక్కడే మనవాళ్లు వెనక ఫ్లూటు వేయించి ఏడుపు లంకించుకుంటారు. వద్దు! తట్ట దించి, "బాగుంది" అనండి. ఆమె అన్నదీ అంతే.

తర్వాత 1884, 'చైతన్యలీల' నాటకం. అందులో ఆమెది వైష్ణవ భక్తుడు చైతన్యుడి వేషం. మన దగ్గర 1920ల్లోనూ స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తుంటే, అక్కడ అప్పటికే ఆడమనిషి మగవేషం కట్టి హాలు నింపింది. గొంతు బొంగురు చేయకండి, నడక మార్చండి చాలు. రామకృష్ణ పరమహంస చూసి దీవించిన ఘట్టానికి చప్పట్లు ఖాయమే గానీ, సాగదీస్తే అది ఆయన ఏకపాత్ర అయిపోతుంది. ఒక్క వాక్యం చాలు.

కలకత్తా హాతిబాగాన్‌లోని స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు 2024 డిసెంబర్లో ప్రకటించారు. అది మీ డైలాగ్‌లో పెట్టకండి, మైకు దగ్గరున్నవాళ్లతో ముందే చెప్పించండి.