జేబు టార్చి మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా తేల్చుకోండి

రోజూ జేబులో పెట్టుకొని తిరిగే టార్చి మీద వచ్చే ఫిర్యాదులు రెండు రకాలు. కొన్ని గుడ్డముక్కతో తుడిస్తే పోతాయి. మిగిలినవి టార్చి కొన్న రోజే ఖాయమైపోయినవి. వాటికి మరమ్మతు లేదు, మరో టార్చి ఎంచుకోవడమే దారి. ఈ తేడా తెలియకనే చాలామంది మంచి టార్చిని మూలన పడేస్తారు, పనికిరానిదాన్ని ఏళ్ల తరబడి విప్పి బిగిస్తూ కూర్చుంటారు.

ఏ సమస్యకైనా ముందు మూడు పనులు చేయండి. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయండి, లేదా బాగా పనిచేస్తోందని తెలిసిన మరొకటి వేయండి. వెనక మూతను చివరికంటా బిగించండి. బ్యాటరీ రెండు కొసలనూ పొడి గుడ్డతో తుడవండి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే కింద చూడండి.

మొదటి నిమిషం కళ్లు జిగేల్మనిపిస్తుంది, ఆ తర్వాత డీలా పడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ముందుగా టార్చి తలను ముట్టుకొని చూడండి. అది బాగా వేడెక్కి, వెలుగు ఒక్కసారిగా మెట్టు దిగినట్టు తగ్గితే అది లోపం కాదు, రక్షణ. గరిష్ఠ స్థాయిలో ఎల్‌ఈడీ తీసుకునే విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. వేలంత పొడవున్న అల్యూమినియం గొట్టం ఆ వేడిని బయటికి పంపలేదు. అందుకని లోపలి సర్క్యూట్ కరెంటును తగ్గించేస్తుంది. చేత్తో పట్టుకున్నప్పుడు అరచెయ్యి కొంత వేడిని లాక్కుంటుంది కాబట్టి, బల్లమీద నిలబెట్టిన టార్చి కంటే చేతిలోది కాస్త ఆలస్యంగా తగ్గుతుంది.

టార్చి చల్లగానే ఉండి వెలుగు మెల్లమెల్లగా తరిగిపోతుంటే కారణం వేరు. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, వాడేకొద్దీ 3 వోల్టుల వైపు జారుతుంది. వెలుగును స్థిరంగా ఉంచే సర్క్యూట్ లేని టార్చిలో వోల్టేజీతో పాటు వెలుగూ జారుతుంది. ఇక మూడో రకం: తక్కువ స్థాయిలో చక్కగా వెలిగి, ఎక్కువకు మార్చగానే ఆరిపోయేది. ఇది దాదాపు ఎప్పుడూ బ్యాటరీ ముసలిదైపోవడమే. అడిగినంత కరెంటు ఇవ్వలేక దాని వోల్టేజీ కుప్పకూలుతుంది. కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుంది.

మొదటి రకానికి మందు వాడుకలోనే ఉంది. గరిష్ఠ స్థాయిని కొన్ని క్షణాల అవసరానికే దాచుకొని, నడకకు మధ్య స్థాయి వాడండి. వేడి నియంత్రణను తీసేసే చిట్కాల జోలికి మాత్రం పోకండి.

అసలు కిటుకు డబ్బామీది అంకెల్లో ఉంది. టార్చిల కొలతలకు 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణాన్ని చాలా కంపెనీలు పాటిస్తాయి. దాని ప్రకారం ల్యూమెన్లను, అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగును, కొలిచేది టార్చి వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. వెలిగే సమయాన్ని లెక్కించేది, మొదటి వెలుగులో 10 శాతానికి పడిపోయేవరకు. అంటే 1000 ల్యూమెన్లు, 3 గంటలు అని రాసిన టార్చి రెండు నిమిషాల తర్వాత 250కి దిగి, మిగిలిన కాలమంతా అక్కడే గడిపినా ఆ డబ్బా అబద్ధం చెప్పినట్టు కాదు. రెండంకెలూ నిజమే, వాటిని గుణించి చూసుకునే మన లెక్కే తప్పు.

కాబట్టి కొనేముందు చూడవలసింది గరిష్ఠ ల్యూమెన్లు కావు, సమయంతో పాటు వెలుగు ఎలా మారుతుందో చూపే గీత. ఒక గంటసేపు నిలకడగా ఎంత ఇవ్వగలదన్నదే దాని అసలు సత్తా. జేబు టార్చికి 300 ల్యూమెన్లు నిలకడగా వస్తే నా దృష్టిలో బోలెడు. పైగా మన కంటికి వెలుగు రెట్టింపైనట్టు తోచాలంటే నిజానికి సుమారు నాలుగు రెట్లు కావాలి. 2000, 3000 అని పోటీ పడే అంకెల మధ్య తేడా కంటికి ఆనేది అంతంత మాత్రమే. జేబును వేడెక్కించడంలో మాత్రం తేడా బాగానే తెలుస్తుంది.

మిణుకుమిణుకుమంటోంది, తడితేగాని వెలగడం లేదు

చాలా టార్చిల్లో గొట్టమే ఒక తీగలా పనిచేస్తుంది. బ్యాటరీ అడుగునుంచి వచ్చే కరెంటు వెనక మూత, గొట్టం అంచుల మీదుగా తలకు చేరుతుంది. ఆ అంచుల దగ్గర మురికి, ఎండిన గ్రీజు, అల్యూమినియం పొడి పేరుకుంటే దారి మూసుకుపోతుంది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి మరలను, గొట్టం రెండు చివర్లలో మెరిసే లోహపు అంచులను, స్ప్రింగు కొసను తుడవండి. నల్లటి మడ్డి రావడం ఆగేవరకు తుడవాలి. ఆరాక మరలకు, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా పూయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

తుడిచినా తగ్గకపోతే వెనక మూత లోపలికి చూడండి. స్విచ్చిని పట్టి ఉంచే లోహపు రింగు, దానిమీద రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అది వదులవడం చాలా మామూలు. ఆ రంధ్రాల్లో పట్టకారు మొనలు పెట్టి తిప్పి బిగించండి. కొన్నింటికి మర ఎడమవైపుది ఉంటుంది, కాబట్టి బలం పెట్టేముందు ఏ వైపు తిరుగుతోందో గమనించండి.

స్విచ్చి చెడిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. వెనక స్విచ్చి ఉన్న టార్చిలకే ఇది వర్తిస్తుంది. మూత తీసేసి, బ్యాటరీ అడుగును, గొట్టం అంచున బయటపడ్డ లోహాన్ని చిన్న తీగముక్కతో ఒక్క క్షణం కలపండి. టార్చి నిలకడగా వెలిగితే తల, బ్యాటరీ బాగున్నట్టే, దోషం స్విచ్చిది. అప్పటికీ మిణుకుమంటే దోషం తలలో ఉంది. తల చాలావాటిలో జిగురుతో అతికించి ఉంటుంది, దాన్ని విప్పే ప్రయత్నం కంటే వారంటీ కాగితం వెతుక్కోవడం మేలు.

తక్కువ స్థాయిలో మాత్రమే, అదీ చెయ్యి ఊపినప్పుడు వేళ్లు ముక్కలుముక్కలుగా కనిపిస్తే అది మురికి వల్ల కాదు. వెలుగు తగ్గించడానికి సర్క్యూట్ ఎల్‌ఈడీని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తోంది. దీనికి మరమ్మతు లేదు. కొనేముందు ఫోను కెమెరాను దానివైపు పెట్టి చూడండి. తెరమీద నల్లటి చారలు పరుగెడితే పక్కన పెట్టేయండి.

వాడకుండానే బ్యాటరీ అయిపోతోంది

ఇందుకు కారణాలు రెండు. పక్కన మెత్తటి మీట ఉండే టార్చిలు ఆరి ఉన్నా, ఎప్పుడు నొక్కుతారా అని కాచుకొని కొద్ది కరెంటు వాడుతూనే ఉంటాయి. మంచివాటిలో అది లెక్కలోకి రాదు, నాసిరకం వాటిలో వారాల్లోనే బ్యాటరీని తాగేస్తుంది. టక్కున నొక్కుకునే వెనక స్విచ్చి దారిని పూర్తిగా తెంపేస్తుంది గనుక ఆ బెడద లేదు.

రెండోది, జేబులో తనంతట తాను వెలగడం. ఇది బ్యాటరీ నష్టంతో పోదు. గరిష్ఠ స్థాయిలో వెలిగే తలకు గుడ్డ ఆనుకుంటే అది కమిలిపోతుంది, చర్మమూ కాలుతుంది. పరిష్కారం రెండింటికీ ఒకటే: వెనక మూతను పావు చుట్టు వదులు చేయడం. మరలమీద కరెంటును ఆపే రంగుపూత ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. కాబట్టి వదులు చేశాక ఒకసారి నొక్కి చూసుకోండి. ఇంకా వెలుగుతుంటే మరలు ఉత్త లోహమన్నమాట. అప్పుడు మీటతోనే తాళం వేసే ఏర్పాటు ఉందేమో చూడాలి. కొత్తది కొనేటప్పుడు మీట చుట్టూ అంచు ఎత్తుగా ఉండి, మీట లోపలికి ఒదిగి ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఛార్జి ఎక్కడం లేదు, కొత్త బ్యాటరీ వేసినా వెలగడం లేదు

టైప్-సి రంధ్రం ఉంది, కానీ ఫోను ఛార్జరుకు పెడితే చలనం లేదు. కేబులుకు రెండువైపులా టైప్-సి ఉందా? అయితే గుట్టు తెలిసినట్టే. రెండువైపులా సి ఉన్న కేబులులో ఛార్జరు కరెంటు పంపాలంటే, అవతలి పరికరంలో 5.1 కిలో ఓముల రెసిస్టర్లు కనిపించాలి. ఆ చిల్లర మిగుల్చుకోవడానికి కొన్ని కంపెనీలు వాటిని వేయవు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ (టైప్-ఎ) ఉన్న కేబులు వాడితే వెంటనే ఛార్జి ఎక్కుతుంది. అయస్కాంతంతో అంటుకునే ఛార్జింగు ఉన్నవాటిలో అయితే ఆ బిందువుల మధ్య ఇనుపరజను చేరిందేమో చూడండి.

బ్యాటరీ విషయానికి వస్తే, పేర్లలోనే కొలతలున్నాయి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 పొడవు. 21700 అంటే 21, 70. అయినా రక్షణ సర్క్యూట్ ఉన్న 18650 కొన్ని మిల్లీమీటర్లు పొడవుగా ఉండి మూత బిగుసుకోనివ్వదు. తలలో, బ్యాటరీ తిరగేసి పెడితే తగలకుండా ప్లాస్టిక్ గట్టు ఉంటే పైన బొడిపె లేని చదునైన బ్యాటరీ దాన్ని అందుకోదు. కొత్త బ్యాటరీ పనిచేయలేదని తిట్టుకునేముందు ఈ రెండూ చూడాలి.

14500 రకం, మామూలు డబుల్ ఏ సెల్లు చూడ్డానికి ఒకే పరిమాణం. మొదటిది 3.7 వోల్టులు, రెండోది 1.5. రెండూ వేయవచ్చని కంపెనీ స్పష్టంగా చెప్పని టార్చిలో 14500 వేస్తే సర్క్యూట్ కాలిపోవచ్చు. ఇక 18650 మీద సామర్థ్యం 9900 అని అచ్చువేసి అమ్మేవాటి సంగతి: ఆ పరిమాణంలో నిజాయతీగా దొరికేవి 3500 మిల్లీయాంప్-అవర్ దగ్గర ఉంటాయి, కొన్ని 4000 చేరతాయి. అంతకు మించి రాసి ఉంటే ఆ బ్యాటరీయే కాదు, దాన్ని జతచేసి అమ్మే టార్చి మీద కూడా నాకు నమ్మకం ఉండదు.

పైపొర చిరిగిన, ఉబ్బిన, సొట్టపడిన లిథియం బ్యాటరీని వాడకండి, చెత్తబుట్టలోనూ వేయకండి, బ్యాటరీలను సేకరించే చోట ఇవ్వండి. విడి బ్యాటరీని తాళంచెవులతో కలిపి ఒకే జేబులో వేసుకోవడం నిప్పుతో చెలగాటమే.

టార్చిలో ఆల్కలైన్ సెల్లు ఉండి తెల్లటి పొడి కనిపిస్తే అది కారిన క్షారం. చేతికి గ్లోవు తొడుక్కొని, వెనిగరు చుక్కలు అద్దిన దూదితో తుడిచి ఆరబెట్టండి. లోహం తినేసి ఉండకపోతే మళ్లీ వెలుగుతుంది. ఇకమీదట నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వేయండి. నెలల తరబడి ముట్టుకోని టార్చి అయితే రీఛార్జి కాని లిథియం సెల్లు నయం.

వెలుగు ఉంది, కానీ చూడాల్సింది కనబడటం లేదు

దగ్గరి వస్తువు మీద కళ్లు చెదిరే చుక్క, చుట్టూ చీకటి. లేదా అంతటా వెలుగు, దూరాన శూన్యం. ఈ తేడా ల్యూమెన్లది కాదు, కాండెలాలది. ల్యూమెన్లు మొత్తం వెలుగు ఎంతో చెబితే, ఒక దిశలో అది ఎంత చిక్కగా ఉందో కాండెలా చెబుతుంది. ఎఫ్‌ఎల్1 లెక్కలో దూరం అంటే వెలుగు 0.25 లక్సుకు, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలకు తగ్గే చోటు. కాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది: 10,000 కాండెలాలకు 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే 40,000 కావాలి. వెన్నెలంత వెలుగులో మనిషి ఉన్నాడో లేదో తెలుస్తుందేమోగాని, ఎవరో పోల్చుకోలేం. కాబట్టి డబ్బామీది దూరంలో సగం కంటే తక్కువే లెక్కేసుకోవాలి.

రోజువారీ పనుల్లో ఎక్కువభాగం చేతికి అందే దూరంలోనివే. బల్బు చుట్టూ వెలుగును ముందుకు తిప్పే అద్దం (రిఫ్లెక్టరు) నునుపుగా, లోతుగా ఉన్నవి దూరానికి, గరుకు రిఫ్లెక్టరు లేదా ప్లాస్టిక్ కటకం ఉన్నవి దగ్గరికి. జేబుకు నేను రెండోరకమే సిఫారసు చేస్తాను. ఇప్పటికే మొదటిరకం ఉంటే గాజుమీద మసక ప్లాస్టిక్ పొర అతికించండి, లేదా వెలుగును పైకప్పు మీదికి కొట్టండి.

రంగులు తేడాగా కనిపిస్తే, ఎర్ర తీగ గోధుమరంగులో ఉంటే, అది ఎల్‌ఈడీ పుట్టుకలోనిది. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీ. 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ తెచ్చిపెట్టినది అదే. దానిమీది పసుపు పూత వల్ల తెలుపు వస్తుంది. పూత చవకదైతే ఎరుపు పాలు తక్కువ. సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 దాటినది, వెలుగు ఛాయ 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య ఉన్నది ఎంచుకోండి. కొన్ని ల్యూమెన్లు తగ్గుతాయి, తగ్గనీయండి.

గాజు లోపల ఆవిరి

రబ్బరు రింగు పగిలింది, లేదా ఛార్జింగు రంధ్రం మూత సరిగా పడలేదు. బ్యాటరీ తీసి, భాగాలు విడదీసి పొడిచోట ఆరబెట్టి, రింగు మార్చండి. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అంటే చినుకులకే. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకోవాలంటే ఐపీఎక్స్7 ఉండాలి.

అవసరమైనప్పుడు జేబులో ఉండటం లేదు

దీన్ని ఎవరూ లోపంగా చెప్పరు, కానీ పెద్ద లోపం ఇదే. కారణం బరువు, లావు, లేదా బిగువు లేని క్లిప్పు. ఒక్క ట్రిపుల్ ఏ సెల్లుతో నడిచే టార్చి పెన్నులా ఇమిడిపోతుంది, 14500తో నడిచేది దానికంటే కాస్త లావు. 18650 వాడేవి బలమైనవే, కానీ పలుచటి ప్యాంటు జేబును లాగేస్తాయి. నొక్కిన ప్రతిసారీ ఏ స్థాయి వస్తుందో తెలియకపోతే ఆ టార్చి కూడా క్రమంగా ఇంట్లోనే ఉండిపోతుంది. ముందు తక్కువ, తర్వాత మధ్య, ఆపైన ఎక్కువ వచ్చేది, టపటపా కొట్టుకునే వెలుగును మామూలు నొక్కుల వరుసలో పెట్టనిది చూసుకోండి. ఉన్నదాన్నే మార్చుకునే వీలుంటే, కూడా వచ్చిన కాగితంలో ఆ పద్ధతి ఉంటుంది.